లైసెన్సు వచ్చింది, బండి ఏది?

కుటుంబ వేదిక

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఒకటి కృష్ణానది ఒడ్డున ఉన్న ఒక ఊరి నుంచి ఒక తల్లి రాసినది. పేరూ ఊరూ వేయవద్దని ఆమె కోరారు. ఇలాంటి కష్టంలో ఉన్న ఇళ్లు మరికొన్ని ఉంటాయి గనుక ఆమె అనుమతితో ఉత్తరాన్ని కొంత కుదించి ఇక్కడ ఇస్తున్నాం.

"మా రెండోవాడికి ఇరవై మూడేళ్లు. ఇంటరు తప్పాక రెండేళ్లు ట్రాక్టరు తోలాడు. లారీ నేర్చుకుంటానంటే నా చెవి కమ్మలు తాకట్టు పెట్టి డ్రైవింగు స్కూలుకు కట్టాం. హెవీ లైసెన్సు వచ్చి అయిదు నెలలైంది. ఏ ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు వెళ్లినా ఒకటే ప్రశ్న, ఎన్నేళ్ల సర్వీసు అని. మా వైపు సిమెంటు లోడ్లు పడిపోయాయి. పాత డ్రైవర్లే ఖాళీగా కూర్చున్నారు, కొత్తవాడివి నీకెక్కణ్ణుంచి ఇస్తామంటున్నారు. మొన్న ఒకాయన తన పాత పన్నెండు టైర్ల లారీ అమ్ముతానని వచ్చాడు. ఇంటి స్థలం తాకట్టు పెట్టి, మిగతాది ఫైనాన్సులో తీసుకుందామని మావారు పట్టుబడుతున్నారు. సొంత బండి ఉంటే ఎవరి గుమ్మమూ ఎక్కనక్కరలేదంటారు. పిల్లవాడూ అటే మొగ్గుతున్నాడు. ఆ స్థలం మా నాన్నగారు నా పేర రాసింది. సంతకం నేనే పెట్టాలి. నన్నేం చేయమంటారు?"

సహోదరీ, మీరు సూటిగా అడిగారు గనుక నేనూ సూటిగానే చెబుతాను. ఆ సంతకం ఇప్పుడు పెట్టవద్దు. మీవారి మీద గౌరవం లేక ఈ మాట అనడం లేదు. కొడుకు ఖాళీగా తిరుగుతుంటే ఏ తండ్రికైనా గుండె మండుతుంది. అయితే ఆ మంటలో తీసుకున్న నిర్ణయానికి ఏళ్ల తరబడి వాయిదాలు కట్టాల్సి వస్తుంది. ఎందుకు వద్దంటున్నానో, దాని బదులు ఏం చేయవచ్చో చెబుతాను. ఈ పత్రిక పట్టుకుని మీరు ముగ్గురూ కలిసి కూర్చుని చదవండి.

తప్పు మీ అబ్బాయిది కాదు

రవాణా వ్యాపారంలో మందం వచ్చినప్పుడు మొదట నష్టపోయేది కొత్త డ్రైవరే. 2018 నుంచి 2020 వరకు జరిగింది గుర్తు చేసుకుంటే ఇది అర్థమవుతుంది. 2018 జూలైలో కేంద్ర ప్రభుత్వం లారీలు మోయదగిన బరువును పెంచింది. పది టైర్ల లారీ బండితో కలిపి 25 టన్నులుండాల్సింది 28.5 టన్నుల వరకు ఉండవచ్చని చెప్పింది. అంటే అయిదు లారీలు ఇంచుమించు ఆరు లారీల సరుకు మోయగలిగాయి. రోడ్డు మీద లారీలు అన్నే ఉన్నా మోసే శక్తి ఒక్కసారిగా పెరిగింది. అదే ఏడాది సెప్టెంబరులో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అనే పెద్ద ఆర్థిక సంస్థ అప్పులు కట్టలేక చతికిలపడింది. దాంతో ఫైనాన్సు కంపెనీలు చేయి బిగించాయి. 2019లో కట్టడాలు, కార్ల అమ్మకాలు మందగించాయి. ఆ గాయం మానకముందే 2020 మార్చి 25న లాక్‌డౌను వచ్చింది. ఆ ఏప్రిల్ నుంచి జూన్ వరకు దేశ ఉత్పత్తి అంతకు ముందటి ఏడాది అవే నెలలతో పోలిస్తే సుమారు 24 శాతం పడిపోయింది.

ఇలాంటి రోజుల్లో నాలుగు లారీలున్న యజమాని ఏం చేస్తాడు? రెండింటిని షెడ్డులో నిలబెడతాడు. ఆ రెండింటి డ్రైవర్లు పని వెతుక్కుంటూ వేరే ఆఫీసుకు వెళతారు. అదే బెంచీ మీద మీ అబ్బాయి కూర్చుని ఉన్నాడు. పదేళ్లు తోలినవాడూ, అయిదు నెలల లైసెన్సు ఉన్నవాడూ ఒకే పనికి వస్తే యజమాని ఎవరిని తీసుకుంటాడో చెప్పనక్కరలేదు. పైగా బండి విలువ లక్షల్లో ఉంటుంది. మీద సరుకు పరాయివాడిది. ప్రమాదం జరిగితే కోర్టు చుట్టూ తిరగాల్సింది తాను. కొత్తవాడిని కాదనేది ఈ భయం వల్లే గాని ద్వేషం వల్ల కాదు. ఈ సంగతి మీ అబ్బాయికి ముందు తెలియాలి. "నేను పనికిరాను" అనే మాట అతని మనసులో నాటుకోకూడదు.

ఆ లారీ లెక్క

ఇక సొంత బండి సంగతి. పని దొరకక పోవడానికి కారణం లోడ్లు లేకపోవడం. లారీ కొన్నంత మాత్రాన లోడ్లు రావు. ఇప్పటిదాకా మీ అబ్బాయికి మాత్రమే లేని పని రేపు మీ లారీకి కూడా ఉండదు. అబ్బాయి ఖాళీగా ఉంటే అన్నం ఖర్చు, లారీ ఖాళీగా ఉంటే వాయిదా ఖర్చు.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. విజయవాడ నుంచి హైదరాబాదుకు సుమారు 275 కిలోమీటర్లు. లోడుతో ఉన్న పెద్ద లారీ లీటరుకు మూడు, నాలుగు కిలోమీటర్లకు మించి రావడం కష్టం. అంటే ఒక వైపు ప్రయాణానికే దాదాపు 80 లీటర్ల డీజిలు. లీటరు 90 రూపాయలు వేసుకున్నా ఏడు వేలు దాటుతుంది. ఆ పైన టోలు, బత్తా, ఎత్తుడు దింపుడు ఖర్చులు. తిరుగు లోడు దొరకకపోతే అక్కడే రెండు రోజులు పడిగాపులు పడాలి, లేదా ఖాళీగా రావాలి. నడిచినా నిలబడినా ఇన్సూరెన్సు, పన్ను తప్పవు. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఎఫ్.సి. ఏటా చేయించాలి. పాత బండి అమ్మేవాడు ఎందుకు అమ్ముతున్నాడో కూడా ఆలోచించండి. లాభం వస్తున్న లారీని మందం కాలంలో ఎవరూ వదులుకోరు.

2020లో రిజర్వు బ్యాంకు మార్చి నుంచి ఆగస్టు వరకు ఆరు నెలలు వాయిదాలు ఆపుకునే వీలిచ్చింది. వాయిదా ఆగింది గాని వడ్డీ ఆగలేదు. తర్వాత ప్రభుత్వం వదిలింది వడ్డీ మీద వడ్డీని మాత్రమే. అంత పెద్ద ఆపదలోనే అప్పు తన లెక్క తాను రాసుకుంది. మామూలు మందంలో మీకు ఆ ఆరు నెలల గడువు కూడా ఉండదు.

మరొక మాట. పన్నెండు టైర్ల లారీని ఇంతవరకు ఒంటరిగా దూరం తోలని పిల్లవాడు, నెలాఖరు వాయిదా తలమీద ఉండగా, నిద్ర మానుకుని తోలుతాడు. స్థలం పోతే ఎలాగో ఒకలాగు బ్రతకవచ్చు. నేను ఎక్కువగా భయపడేది దీనికే.

ఆగని లోడ్లు

మందం అన్ని సరుకులనూ ఒకేలా తాకదు. సిమెంటు, ఇనుము, గ్రానైటు, కొత్త కార్లు ముందు ఆగిపోతాయి. జనం ఇల్లు కట్టడం వాయిదా వేసుకోగలరు. అన్నం తినడం వాయిదా వేసుకోలేరు. పాలు, బియ్యం, కూరగాయలు, గుడ్లు, గ్యాసు బండలు, మందులు, కోళ్ల దాణా నడుస్తూనే ఉంటాయి. మీ అబ్బాయి అయిదు నెలలుగా సిమెంటు ఆఫీసుల చుట్టూనే తిరిగాడు. ఎండిన చెరువులో వల వేస్తే చేపలు పడవు గదా!

మన ప్రాంతంలో కాలాన్ని బట్టి నడిచే లోడ్లున్నాయి. వేసవి ముందు నెలల్లో గుంటూరు మిర్చి యార్డు నుంచి దూర రాష్ట్రాలకు లారీలు బయలుదేరతాయి. వేసవిలో నూజివీడు మామిడి. కోతల తర్వాత ధాన్యం, మిర్యాలగూడ మిల్లుల బియ్యం. భీమవరం వైపు చేపలు, రొయ్యలు. గోదావరి జిల్లాల నుంచి గుడ్లు, కొబ్బరికాయలు. మిర్చి, మామిడి కాలాల్లో దూర ప్రయాణానికి బండికి ఇద్దరు డ్రైవర్లు కావాలి. పెద్ద డ్రైవరు పక్కన రెండో డ్రైవరుగా కొత్తవాడు కూర్చోగలిగేది ఆ కాలంలోనే. ఆ కాలానికి రెండు నెలల ముందే అడిగి ఉంచుకోవాలి.

పెద్ద బండే కావాలని పట్టుపట్టనక్కరలేదు. పాల వ్యాను, కూరగాయల వ్యాను, పార్సిలు బండి, ఏదైనా సరే. ఈ శీర్షిక చదివే ఇతర యౌవనస్థుల కోసం ఒక సంగతి. మొత్తం బరువు 7,500 కిలోలకు మించని సరుకు బండిని తేలికపాటి వాహనాల లైసెన్సుతోనే తోలవచ్చని, దానికి ప్రత్యేకంగా ట్రాన్స్‌పోర్టు అనుమతి అవసరం లేదని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. ఆర్.సి.లో రాసిన మొత్తం బరువు చూసుకుని ఎక్కండి. హెవీ లైసెన్సుకు డబ్బు లేనివారు కూడా ఇక్కడినుంచి మొదలుపెట్టవచ్చు. తేలిక వాహనం లైసెన్సు ఏడాది పాటు ఉన్నాకే ట్రాన్స్‌పోర్టు వాహనానికి ఎల్.ఎల్.ఆర్. ఇస్తారు, వయసు ఇరవై నిండాలి. ఆ ఏడాది వృథా పోకుండా సంపాదించుకోవచ్చు.

ఎక్కడ అడగాలి, ఏమని అడగాలి

ట్రాన్స్‌పోర్టు ఆఫీసు బెంచీ మీద కూర్చుంటే పేరు రాసుకుంటారు, అంతే. యజమానులు స్వయంగా నిలబడే చోట్లకు వెళ్లాలి. విజయవాడ ఆటోనగర్ వంటి చోట మెకానిక్కు షెడ్లు, టైర్ల దుకాణాలు, లారీ కాటాలు, రైసు మిల్లులు చూడమనండి. ఎవరి డ్రైవరు మానేశాడో, ఎవరి బండి వారం నుంచి తోలేవాడు లేక నిలబడిందో మెకానిక్కుకు ముందు తెలుస్తుంది. ఒక మంచి మెకానిక్కు "ఈ కుర్రాడు నెమ్మదస్తుడు" అన్నాడంటే అది అయిదేళ్ల సర్వీసు సర్టిఫికెట్టుతో సమానం.

వెళ్లి "డ్రైవరు పని ఉందా" అని అడిగితే లేదంటారు. "ట్రాక్టరు ట్రాలీతో రెండేళ్లు తోలాను, హెవీ లైసెన్సు ఉంది, మీ పెద్ద డ్రైవరు పక్కన మూడు నెలలు పని చేస్తాను, నచ్చితే స్టీరింగు ఇవ్వండి" అని అడగమనండి. ట్రాక్టరు అనుభవాన్ని మీ అబ్బాయి చిన్నచూపు చూస్తున్నాడు. ట్రాలీ తగిలించిన ట్రాక్టరును ఇరుకు సందులో రివర్సు కొట్టినవాడికి, గోడౌను గుమ్మానికి లారీని ఆనించడం త్వరగా పట్టుబడుతుంది. యజమానికి ఆ మాట చెప్పాలి, చేసి చూపించాలి.

మా పేటలో ముప్పై ఏళ్లు లారీ తోలిన ఒక పెద్దాయన ఉన్నారు. కొత్తవాళ్లను పరీక్షించేటప్పుడు ఏం చూస్తారని అడిగాను. "స్టీరింగు తర్వాత చూస్తానండి. తాళం చేతికిస్తే నేరుగా ఎక్కి కూర్చున్నాడా, ముందు బండి చుట్టూ ఒకసారి తిరిగాడా అని చూస్తాను. టైర్లు తట్టి చూసినవాడు, కింద ఆయిలు కారిందేమో వంగి చూసినవాడు నా బండి కాపాడతాడు" అన్నారు. ఆయనే మరొక సంగతి చెప్పారు. ఆయన బండి మీద అప్పుడు ఒక కుర్రాడు క్లీనరుగా ఉండేవాడు. లైసెన్సు చేతిలో ఉన్నా ఏడాదిగా పరదా కట్టడం, జాకీ ఎత్తడం, అన్నం వండటమే పని. 2020 ఏప్రిల్‌లో చాలామంది డ్రైవర్లు ఇళ్లకు వెళ్లిపోయారు, దాబాలు మూసి ఉన్నాయి. సరుకు లారీలో ఇద్దరు డ్రైవర్లు, ఒక హెల్పరు వెళ్లవచ్చని కేంద్రం ఆ నెల నడుమ ఉత్తర్వు ఇచ్చింది. యజమాని రెండో డ్రైవరు కోసం వెతకలేదు. బండి గురించి అంతా తెలిసిన ఆ క్లీనరుకే స్టీరింగు ఇచ్చాడు. లోకమంతా పని పోగొట్టుకున్న నెలలో అతనికి పని దొరికింది. ఏడాది పాటు అతను మోసిన పరదా ఊరికే పోలేదు.

క్లీనరు సీటు అవమానం కాదు. బరువు ఎలా సర్దాలో, తాడు ఎక్కడ బిగించాలో, గాలి బ్రేకు ఎక్కడ లీకవుతుందో, ఘాటులో ఏ గేరులో దిగాలో నేర్పే బడి అది. ఆర్.సి., ఇన్సూరెన్సు, ఎఫ్.సి., పర్మిట్టు, పొల్యూషను, ఈ-వే బిల్లు తేదీలు చదవడం అక్కడే వస్తుంది.

ఇంకో పని ఈ రోజే మొదలుపెట్టమనండి. ఒక నోటు పుస్తకం కొని, తోలిన ప్రతిసారీ తేదీ, బండి నంబరు, ఎక్కడినుంచి ఎక్కడికి, ఎన్ని కిలోమీటర్లు, ఎంత డీజిలు, సరుకు ఏమిటి, యజమాని ఫోను నంబరు రాసుకోవాలి. ఒక్క రోజు బదిలీ డ్రైవరుగా వెళ్లినా రాయాలి. ఏడాది తిరిగాక "ఎన్నేళ్ల సర్వీసు" అన్న ప్రశ్నకు ఆ పుస్తకమే జవాబు. జీతం కొంతైనా బ్యాంకు ఖాతాలో వేయమని కోరితే అదీ సాక్ష్యమే. కొంత డబ్బు చేతికి వచ్చాక, ప్రమాదకర సరుకుల రవాణాకు ఇచ్చే మూడు రోజుల శిక్షణ తీసుకుని లైసెన్సు మీద రాయించుకోవచ్చు. పెట్రోలు, గ్యాసు ట్యాంకర్లకు అది లేనిదే వీలు లేదు. అది ఉన్నవాళ్లు తక్కువ గనుక వరుసలో నాలుగడుగులు ముందుకు వెళతాడు.

ఎంత అవసరమున్నా కాదనవలసినవి

పని లేనివాడి అవసరం కనిపెట్టి వచ్చేవాళ్లూ ఉంటారు. వాళ్ల సంగతి ముందే తెలిసి ఉండాలి.

ఇన్సూరెన్సు లేని బండి, ఎఫ్.సి. తప్పిన బండి ఎక్కవద్దు. అసలు లైసెన్సు తన దగ్గర ఉంచుకుంటానన్న యజమాని దగ్గర చేరవద్దు. మోతాదు మించి బరువు ఎత్తమంటే ఒప్పుకోవద్దు. 2019లో సవరించిన చట్టం అధిక బరువుకు 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయల జరిమానా పెట్టింది. అంతకంటే ముఖ్యం, ఆ బరువుతో బ్రేకు నిలవదు. "నేర్చుకుంటున్నావు గదా" అని నెలల తరబడి భోజనం మాత్రమే పెట్టేవాడి దగ్గర మూడు నెలలకు మించి ఉండవద్దు. పగలూ రాత్రీ ఒక్కడే తోలాలన్న చోట అసలు చేరవద్దు. మోటారు రవాణా కార్మికుడికి రోజుకు ఎనిమిది గంటల పని అని 1961లోనే మన దేశం చట్టం రాసుకుంది. నిద్ర అనేది బద్ధకం కాదని అప్పటి పెద్దలకే తెలుసు.

గల్ఫులో డ్రైవరు పని ఇప్పిస్తానని డబ్బు అడిగేవాడు వస్తే, అతను కేంద్ర ప్రభుత్వం దగ్గర రిజిస్టరైన ఏజెంటో కాదో చూడండి. విజిటు వీసా మీద పంపుతానంటే అక్కడితో మాట ఆపేయండి. మన హెవీ లైసెన్సు ఉన్నంత మాత్రాన అక్కడ బండి ఇవ్వరు, ఆ దేశపు లైసెన్సు కావాలి.

మీరు చేయగలిగినది కూడా ఉంది. బ్యాంకు ఖాతా ఉంటే ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో ప్రాణం పోతే రెండు లక్షలు వస్తుంది. తల్లిగా ఆ మాట వినడం కష్టమే. అయినా మొదటి ట్రిప్పుకు ముందే ఆ కాగితం మీద సంతకం పెట్టించండి. ఒకసారి కళ్లు పరీక్ష చేయించండి, రాత్రి చూపు సంగతి ప్రత్యేకంగా అడగండి. అతను బండి మీద ఉన్నప్పుడు ఫోను చేయవద్దు. "బండి ఆపాక నువ్వే చెయ్యి, ఎంత రాత్రయినా నేను లేస్తాను" అని చెప్పండి.

ఈ పత్రిక చదివే లారీ యజమానులకు కూడా ఒక మనవి. ఈ రోజు మీ దగ్గరున్న పెద్ద డ్రైవర్లు ఒకప్పుడు ఎవరో ఒకరు నమ్మి తాళం ఇస్తేనే డ్రైవర్లయ్యారు. లోడ్లు తక్కువగా ఉన్న కాలమే నేర్పడానికి తీరిక ఉన్న కాలం. ఒక్కొక్కరు ఒక్క కొత్తవాడిని మీ మంచి డ్రైవరు పక్కన కూర్చోబెట్టండి. లోడ్లు తిరిగి వచ్చిన రోజున మనుషుల కోసం మీరు వెతుక్కోనక్కరలేదు.

సహోదరీ, మీవారితో కోపంగా కాక, లెక్క పుస్తకం ముందు పెట్టుకుని మాట్లాడండి. "లారీ కొనవద్దనడం లేదు, వాడు ఇంకొకరి లారీని రెండేళ్లు క్షేమంగా తోలాక కొందాం" అనండి. అప్పటికి ఏ రూటులో లోడుంది, ఏ నెలలో కిరాయి పడుతుంది, ఏ బండి ఎంత తాగుతుందో మీ అబ్బాయికే తెలుస్తుంది. అప్పుడు కొనేది తెలిసి కొన్నట్టు.

మీ కమ్మలు విడిపించడానికి ఏడాదో, ఏడాదిన్నరో పట్టవచ్చు. అతని మొదటి జీతాల నుంచే విడిపించమనండి, ఆ గౌరవం అతనికి దక్కనివ్వండి. మీ నాన్నగారు రాసిచ్చిన స్థలం కాగితం మాత్రం పెట్టెలోనే ఉంచండి.

— మీ శ్రేయోభిలాషి